విదేశీ ఆహార సాయం చేరాల్సిన చోటికి చేరిందా? మీరే లెక్క చూసుకునే పద్ధతి

"2 లక్షల మందికి ఆహారం అందించాం." ఏ సహాయ సంస్థ వార్షిక నివేదిక తెరిచినా మొదటి పేజీల్లోనే ఇలాంటి వాక్యం ఒకటి, పక్కన నవ్వుతున్న పిల్లల ఫొటో ఒకటి ఉంటాయి. అది చదవగానే నాకొచ్చే ప్రశ్న ఒక్కటే. అందించాం అన్నది ఎక్కడ నిలబడి లెక్కపెట్టారు? రేవులో ఓడ దించినప్పుడా, గోడౌన్ గేటు దాటినప్పుడా, పంపిణీ కేంద్రంలో వేలిముద్ర పడినప్పుడా, లేక ఇంట్లో పొయ్యి మీద గిన్నె పెట్టినప్పుడా? ఈ నాలుగు చోట్లా నాలుగు అంకెలు వస్తాయి. నివేదికలోకి ఎక్కేది మాత్రం ఎక్కువసార్లు వాటిలో పెద్దదే.

ఈ లెక్క చూడ్డానికి ఆడిటర్ చదువు అక్కర్లేదు. ఫోన్లో క్యాలిక్యులేటర్, కొంచెం ఓపిక, పీడీఎఫ్ తెరిస్తే చివరి పేజీ దాకా వెళ్లే అలవాటు ఉంటే చాలు. జర్నలిస్టులకీ, ఎన్జీవోల్లో పనిచేసేవాళ్లకీ, విరాళం ఇచ్చే ముందు ఒకసారి ఆగి చూసుకునేవాళ్లకీ పనికొస్తుందని రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. సాయం మాటెత్తితే అందరూ అనేది మధ్యలో మింగేశారనే. మింగుతారు, నిజమే. కానీ నేను చదివిన ఆడిట్ నివేదికల్లో దొంగలు పట్టుకుపోయినదానికంటే, నిబంధనల ప్రకారం, టెండర్ల ప్రకారం, అన్ని సంతకాలూ సక్రమంగా ఉండి కూడా పోయిందే ఎక్కువ కనిపించింది. దొంగని పట్టుకోవాలనే బయల్దేరితే ఈ రెండోది కంటికి ఆనదు.

ముందు ఒక్క ప్రోగ్రాం పట్టుకోండి

"విదేశీ సాయం పనిచేస్తుందా" అని అడగడం "మందులు పనిచేస్తాయా" అని అడిగినట్టు ఉంటుంది. ఏ మందు, ఏ జబ్బుకి, ఎంత మోతాదు? కాబట్టి ఒక దేశం, ఒక దాత, ఒక ప్రోగ్రాం, ఇన్నేళ్ల నుంచి ఇన్నేళ్ల వరకు అని గీత గీసుకోండి. ఆ గీత దాటి బయటికెళ్లకండి, ఎంత ఆసక్తిగా అనిపించినా సరే, వెళ్తే ఆర్నెల్లు తిరిగినా ఏదీ తేలదు.

తర్వాత అది ఏ రకం సాయమో చూసుకోవాలి, ఎందుకంటే దేని కొలబద్ద దానిదే. అత్యవసర ఆహార సాయమైతే మానవతా సంస్థలన్నీ ఒప్పుకున్న స్ఫియర్ ప్రమాణాలున్నాయి, మనిషికి రోజుకి 2,100 కిలో కేలరీలు అన్నది అక్కడిదే. తీవ్రమైన పోషకాహార లోపం ఉన్న పిల్లలకి చికిత్స చేసే ప్రోగ్రాం అయితే, బయటికొచ్చిన పిల్లల్లో కోలుకున్నవాళ్లు 75 శాతం దాటాలి, చనిపోయినవాళ్లు 10 శాతం లోపు ఉండాలి, మధ్యలో మానేసినవాళ్లు 15 శాతం లోపు ఉండాలి. ఈ మూడింట్లో నేను ముందు చూసేది మానేసినవాళ్ల అంకె. కేంద్రం ఎంత దూరంలో ఉందో, తల్లులు ఎన్ని గంటలు లైన్లో నిలబడాల్సి వస్తోందో దాంట్లోనే బయటపడుతుంది.

రోడ్లు, బడులు, వ్యవసాయం లాంటి అభివృద్ధి ప్రాజెక్టులకి ధనిక దేశాల కూటమి ఓఈసీడీలోని అభివృద్ధి సహాయ కమిటీ ఆరు ప్రశ్నలు పెట్టింది. ఇది అక్కడి అవసరమేనా, అక్కడే జరుగుతున్న మిగతా పనులతో పొసుగుతుందా, అనుకున్నది జరిగిందా, పెట్టిన ఖర్చుకి తగ్గట్టు జరిగిందా, దానివల్ల బతుకుల్లో ఏం మారింది, డబ్బు ఆగిపోయాక నిలబడుతుందా. రెండోది 2019లో చేర్చారు. ప్రాజెక్టు మూల్యాంకన నివేదికలు చాలావరకు ఈ వరసలోనే రాస్తారు. చివరి ప్రశ్న దగ్గరికొచ్చేసరికి పేజీలు ఎందుకు పలచబడతాయో చూడండి, నాలుగో ఏడాది డబ్బు ఆగిపోయాక ఏమవుతుందో మూడో ఏడాదే రాయమంటే ఎవరైనా ఏం రాస్తారు.

కాగితాలు ఎక్కడ, ఏ వరసలో చదవాలి

దాతలూ సంస్థలూ తమ ప్రాజెక్టుల డేటాని ఒకే పద్ధతిలో బయటపెట్టాలని 2008లో అంతర్జాతీయ సహాయ పారదర్శకత ఒప్పందం ఒకటి మొదలైంది. ఐఏటీఐ అంటారు. డీ-పోర్టల్ అనే సైట్లో దేశం పేరు కొడితే ఏ దాత ఏ సంస్థకి ఎంత ఇచ్చాడో వస్తుంది. ఎవరు ఎంత నింపితే అంతే కనిపిస్తుంది కాబట్టి అక్కడ లేదంటే జరగలేదని కాదు. తనిఖీ నివేదికల కోసం అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం జీఏఓ, బ్రిటన్ సాయాన్ని తనిఖీ చేయడానికి 2011లో ఏర్పడిన స్వతంత్ర కమిషన్ ఐకాయ్, యూరోపియన్ ఆడిటర్ల కోర్టు చూడండి. ప్రపంచ ఆహార కార్యక్రమం తన అంతర్గత ఆడిట్లని తన సైట్లోనే పెడుతుంది, వాటిని చదివేవాళ్లు తక్కువ, అందులో ఉండే విషయం మాత్రం ఎక్కువ.

దొరికిన ప్రతిదీ వెంటనే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. 2025 మొదట్లో అమెరికా సహాయ సంస్థ యూఎస్ఎయిడ్‌ని మూసేసే పని మొదలైనప్పుడు దాని వెబ్‌సైటే మాయమైంది, ఏళ్ల తరబడి పోగైన మూల్యాంకన నివేదికల లింకులు పనిచేయడం మానేశాయి. 1985 నుంచి అదే సంస్థ డబ్బుతో కరువు హెచ్చరికలు ఇస్తూ వచ్చిన ఫ్యూస్ నెట్ కూడా అప్పుడు నెలల పాటు ఆగిపోయింది. రేపు చూద్దాంలే అనుకున్న పేజీ రేపు ఉండకపోవచ్చు.

చదివేటప్పుడు సారాంశం నుంచి మొదలుపెట్టకండి, అది అమ్ముడుపోవడానికి రాసింది. నేను ముందు "పరిమితులు" అన్న విభాగం తెరుస్తాను. మూల్యాంకనం చేసినవాళ్లు ఎక్కడికి వెళ్లలేకపోయారు, ఎవరిని కలవలేకపోయారు, ఏ డేటా ఇవ్వలేదు అన్నది అక్కడ రెండు మూడు మర్యాదపూర్వకమైన వాక్యాల్లో ఉంటుంది. తర్వాత ఒప్పంద పత్రం, దానికి మధ్యలో చేసిన సవరణలు. ఉదాహరణకి మొదటి ఒప్పందంలో 50,000 కుటుంబాలు అని ఉంటుంది, రెండో సవరణలో అది 18,000 అవుతుంది, చివరి నివేదికలో "లక్ష్యంలో 104 శాతం సాధించాం" అని వస్తుంది. మూడూ నిజమే, అబద్ధం ఎక్కడా లేదు. పక్కపక్కన పెట్టి చూస్తేనే సంగతి తెలిసేది.

డాలరులో తిండి ఎంత

బడ్జెట్ పేజీ తీసుకుని ఒక్క భాగహారం చేయండి: మొత్తం ఖర్చులో సరుకు కొనడానికి పోయింది ఎంత? ఇది చాలామంది చేయరు, చేసినవాళ్లకి కాసేపు నోట మాట రాదు.

అమెరికా ఆహార సాయం 1954లో పీఎల్ 480 అనే చట్టంతో మొదలైంది. ఆకలి తీర్చడం ఎంత ముఖ్యమో, తమ దగ్గర మిగిలిపోయిన పంటకి దారి చూపించడం కూడా అంతే ముఖ్యం ఆ చట్టానికి. ధాన్యం అమెరికాలోనే కొనాలి, అందులో కనీసం సగం అమెరికా జెండా ఉన్న ఓడల్లోనే వెళ్లాలి. 1985లో ఆ వాటాని 75 శాతానికి పెంచారు, 2012లో మళ్లీ 50కి తగ్గించారు. 2007లో జీఏఓ లెక్క తీస్తే అమెరికా అత్యవసర ఆహార సాయం ఖర్చులో దాదాపు 65 శాతం సరుకు మీద కాకుండా రవాణా, నిర్వహణ ఖర్చుల మీదే పోతోందని తేలింది. దీంట్లో ఒక్క పైసా దొంగతనం లేదు.

అదే జీఏఓ 2009లో ఇంకో పోలిక చేసింది. సహారాకి దిగువన ఉన్న ఆఫ్రికా దేశాల్లో, సరుకు అమెరికా నుంచి పంపడం కంటే అక్కడో పక్క దేశంలోనో కొంటే ఖర్చు 34 శాతం తగ్గింది. రోజుల తేడా ఇంకా దారుణం. ఓడలో పంపితే సగటున 147 రోజులు, పక్క దేశంలో కొంటే 41, అక్కడే కొంటే 35. ఆకలితో ఉన్నవాడికి 147 రోజులంటే ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు. కెనడా ఇలాంటి షరతుల్ని 2008 నాటికి పూర్తిగా తీసేసింది.

ఇంకో విచిత్రం ఉంది. సాయంగా వచ్చిన ధాన్యాన్ని అక్కడి మార్కెట్లో అమ్మి, ఆ డబ్బుతో అభివృద్ధి ప్రాజెక్టులు నడపడం. మానిటైజేషన్ అంటారు. ఇక్కడ కొని, ఓడెక్కించి, అక్కడ నష్టానికి అమ్మి, మిగిలిన దాంతో ప్రాజెక్టు. ఇలా మూడేళ్లలో 21 కోట్ల 90 లక్షల డాలర్లు అభివృద్ధి పనులకి అందకుండా పోయాయని జీఏఓ 2011లో తేల్చింది. పైగా ఆ ధాన్యం మార్కెట్లో పడితే అక్కడి రైతు పంటకి ధర పడిపోయే ప్రమాదం. అంతర్జాతీయ సహాయ సంస్థ కేర్ ఈ పద్ధతి నుంచి తప్పుకుంటున్నామని 2007లోనే ప్రకటించింది, ఏటా కోట్ల డాలర్లు వదులుకుని మరీ. ఆ రంగంలో అలాంటి నిర్ణయాలు అరుదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఆహారం కాని ఖర్చంతా వృథా అనుకుంటే మీ లెక్క తప్పుతుంది. రోడ్డు లేని చోట విమానం నుంచి బస్తాలు జారవిడవాలి, యుద్ధం జరిగే చోట కాపలా కావాలి, తనిఖీ చేసేవాడికి జీతం ఇవ్వాలి. "మా ఓవర్‌హెడ్, అంటే ఆఫీసు, నిర్వహణ ఖర్చు, 5 శాతమే" అని గొప్పగా చెప్పుకునే సంస్థని చూస్తే నాకు ముందు అనుమానమే వస్తుంది, తూకం చూసే మనిషిని పెట్టుకున్నారా లేదా అని. కాబట్టి శాతం ఒక్కటే చూడకండి. ఇదే ప్రాంతంలో ఇదే పని చేసిన ఇంకో సంస్థకి టన్నుకి ఎంతైంది, మనిషికి ఎంతైంది అని పక్కన పెట్టి చూడండి. డబ్బు ఎన్ని చేతులు మారిందో కూడా గీసుకోండి: దాత, పెద్ద కాంట్రాక్టరు, సబ్‌కాంట్రాక్టరు, స్థానిక సంస్థ. ప్రతి మెట్టు మీదా కొంత శాతం ఆగిపోతుంది, చివరికి తేడా వస్తే తిలా పాపం తలా పిడికెడు.

బస్తా వెంట నడవండి

ఇదే అసలు పని. బస్తా ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారిన ప్రతి చోటా ఒక కాగితం పుడుతుంది, ఆ కాగితం మీద ఇచ్చినవాడి సంతకం, తీసుకున్నవాడి సంతకం రెండూ ఉండాలి. ఇద్దరి లాభం వేర్వేరు కాబట్టి ఆ రెండు సంతకాల మధ్య నిజం ఉంటుంది. ఇద్దరూ ఒకే యజమాని మనుషులైతే ఆ కాగితం చిత్తు కాగితమే.

వేబిల్, అంటే లారీతో పాటు వెళ్లే సరుకు కాగితం, ఒకటి చేతికొచ్చింది అనుకుందాం. లారీలో 50 కిలోల బస్తాలు 600 ఎక్కాయి, అంటే 30 టన్నులు. అవతలి గోడౌన్లో 588 మంచివి దిగాయి, 7 చిరిగినవి, 5 తక్కువ. ఇది చూసి కొత్తవాళ్లు అదిగో దొంగతనం అంటారు. నాకు ఇలాంటి కాగితం చూస్తే కొంచెం నమ్మకం కలుగుతుంది. వానలో, గుంతల రోడ్డు మీద రెండు రోజులు తిరిగిన 40 లారీల్లో ప్రతి లారీ 600 ఎక్కించుకుని 600 దించితే, తరుగు అన్ని చోట్లా సున్నా అని ఉంటే, అప్పుడు భయపడాలి. అవి గోడౌన్లో రాసినవి కావు, ఆఫీసులో కూర్చుని రాసిన కాకిలెక్కలు. లారీ బయల్దేరిన తేదీ, చేరిన తేదీ, దూరం కూడా చూడండి. నాలుగు రోజుల దారిని ఒక్క పూటలో దాటేసిన లారీలు కాగితాల మీద బోలెడు ఉంటాయి.

గోడౌన్ లెక్క ఇంకా సులువు. నెల మొదట్లో ఉన్నది, దానికి వచ్చింది కలిపి, వెళ్లింది, పాడైంది తీసేస్తే నెలాఖరున ఉండాల్సింది వస్తుంది. లోపలికెళ్లే వీలుంటే వరసలు లెక్కపెట్టండి. బస్తాల దిమ్మె చుట్టూ తిరగాలి, వీలైతే పైకెక్కి చూడాలి, బయటి వరసలు నిండుగా ఉండి మధ్యలో బావిలా ఖాళీగా ఉంచడం పాత కిటుకు.

తర్వాత పంపిణీ కేంద్రం, ఇక్కడ కాస్త ఎక్కువసేపు నిలబడండి. నమూనాగా చెప్పుకునే రేషన్‌లో మనిషికి రోజుకి 400 గ్రాముల ధాన్యం, 60 గ్రాముల పప్పు, 25 గ్రాముల నూనె, కొంచెం పోషక పిండి, చక్కెర, ఉప్పు ఉంటాయి. ఐదుగురున్న ఇంటికి నెలకి ధాన్యం 60 కిలోలు. చాలా చోట్ల దీన్ని కాటా మీద కాదు, డబ్బాతో కొలిచి పోస్తారు, రోజుకి వేలమందిని పంపాలంటే తూకం వేసే టైం ఉండదు. డబ్బా పట్టుకున్న మనిషి చెయ్యి చూడండి. గోపురంగా నింపుతున్నాడా, అంచుకి సమంగా గీస్తున్నాడా, బొటనవేలు డబ్బా లోపల ఉందా బయట ఉందా. కొలతలో 5 శాతం తగ్గితే ఆ ఇంటికి 3 కిలోలు పోతాయి, అంటే నెలాఖరున ఒకటిన్నర రోజు ధాన్యం లేదు. 10,000 ఇళ్లకి కలిపితే 30 టన్నులు. ఇందాక వేబిల్లులో ఉన్న లారీ మొత్తం, ఎవరూ లారీని ఆపకుండానే, ఒక బొటనవేలు కింద మాయమైపోయింది. అందుకే పంపిణీ కేంద్రం నుంచి బయటికి వస్తున్నవాళ్లలో పదో మనిషినో ఇరవయ్యో మనిషినో ఆపి, వాళ్ల సంచిని వాళ్ల ముందే తూచమని అడగాలి. మంచి సంస్థలు గేటు దగ్గర ఒక కాటా ఎప్పుడూ పెట్టే ఉంచుతాయి, అనుమానమొచ్చిన ఎవరైనా తూచుకోవచ్చు.

ఆఖరున జాబితా. పంపిణీ జాబితాలో అందరూ వచ్చారు, ఒక్కరూ మిస్సవలేదు అని ఉంటే నమ్మకండి, ఎప్పుడూ ఎవరో ఒకరు జ్వరంతో పడుకునో పనికెళ్లో ఉంటారు. సంతకాలన్నీ ఒకే సిరాతో, ఒకే వాలుతో ఉన్నాయేమో చూడండి. ఉగాండాలో 2018లో శరణార్థులందరినీ వేలిముద్రలు, కంటిపాపల స్కానింగ్‌తో మళ్లీ లెక్కపెడితే, అంతకుముందు 14 లక్షలు అనుకున్న సంఖ్య సుమారు 11 లక్షల దగ్గర ఆగింది. ఆ తేడాలో అందరూ దొంగపేర్లే అనలేం, వెళ్లిపోయినవాళ్లు, రెండుసార్లు ఎక్కినవాళ్లు కూడా ఉంటారు. ఏమైనా సాయం మాత్రం పాత అంకె మీదే లెక్కకట్టారు.

జాబితా ఎవరి చేతిలో ఉందన్నది కూడా అడగండి. ఇథియోపియాలో 2023లో సాయం సరుకు బజార్లలో, పిండిమిల్లుల్లో దొరికింది. అక్కడ ఎవరికి ఇవ్వాలో నిర్ణయించడంలో స్థానిక అధికారుల చెయ్యే పెద్దది. సోమాలియా మీద 2010లో ఐరాస పరిశీలక బృందం ఇచ్చిన నివేదిక, ఆహార సాయంలో సగం దాకా పక్కదారి పడుతోందని అంది. ప్రపంచ ఆహార కార్యక్రమం దాంతో ఒప్పుకోలేదు. కానీ రవాణా కాంట్రాక్టులు పెద్ద ఎత్తున ముగ్గురు వ్యాపారుల చేతుల్లోనే ఉన్నాయని ఆ నివేదిక ఎత్తిచూపిన విషయం తీసిపారేయాల్సింది కాదు. ఎప్పుడైనా సరే, కాంట్రాక్టులు ఎంతమంది చేతుల్లో ఉన్నాయో లెక్కపెట్టండి.

అందింది సరే, ఏం మారింది

బస్తా ఇంటికి చేరిందని తేలినా పని సగమే అయినట్టు. ఎన్ని ఇచ్చాం అన్నది ఒక లెక్క, దానివల్ల ఏమైంది అన్నది ఇంకో లెక్క. శిక్షణ పొందిన రైతులు 5,000 అని రాస్తారు, శిక్షణ తర్వాత పంట పెరిగిందా అంటే ఆ గడి ఖాళీ.

ప్లేపంప్ కథ దీనికి సరైన ఉదాహరణ. పిల్లలు రంగులరాట్నం తిప్పి ఆడుకుంటుంటే బోరు నుంచి నీళ్లు ట్యాంకులోకి ఎక్కుతాయి, వినడానికి ఎంత బాగుందో. 2006లో అమెరికా ప్రభుత్వం, కొన్ని ఫౌండేషన్లు కలిసి 1 కోటి 64 లక్షల డాలర్లు ప్రకటించాయి, ఆఫ్రికాలో 4,000 పెడతామన్నారు. తర్వాత ఒక పత్రిక లెక్కకట్టి చూస్తే, చెప్పినన్ని నీళ్లు చెప్పినంతమందికి రావాలంటే పిల్లలు రోజుకి 27 గంటలు ఆడుతూనే ఉండాలని తేలింది. రోజుకి ఉన్నవే 24. పిల్లలు వెళ్లిపోయాక ఆడవాళ్లు ఆ చక్రాన్ని వంగి తిప్పాల్సి వచ్చింది. డబ్బు ఎవరూ తినలేదు, పంపులు నిజంగానే పెట్టారు, కాగితాలన్నీ సరిపోయాయి. భాగహారం ఒక్కటే ముందు చేయలేదు.

అఫ్ఘానిస్తాన్‌లో సోయా పండించమని 3 కోట్ల 40 లక్షల డాలర్ల ప్రాజెక్టు పెట్టారు. అక్కడి వాతావరణంలో ఆ పంట సరిగా రాలేదు, సోయా తినే అలవాటూ వాళ్లకి లేదు. అక్కడ అమెరికా పెట్టిన ఖర్చుని తనిఖీ చేసిన ప్రత్యేక ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం సిగార్ 2014లో ఈ సంగతి బయటపెట్టింది. మీరు చూస్తున్న ప్రాజెక్టులో మొదటి అవసరాల అంచనా ఎవరు రాశారో, వాళ్లు అక్కడ ఎన్ని రోజులున్నారో వెతకండి.

మార్పుని కొలవాలంటే రెండు కావాలి. మొదలుపెట్టక ముందటి పరిస్థితి, దాన్నే బేస్‌లైన్ అంటారు. అలాగే ఈ సాయం అందని, అన్నివిధాలా ఇలాంటిదే అయిన ఇంకో చోటి పరిస్థితి. రెండోది లేకపోతే మంచి వానలు పడిన ఏడాది ప్రతి ప్రాజెక్టూ సక్సెస్సే. ఈ పోలిక పద్ధతిని పేదరికం పరిశోధనలోకి తెచ్చినందుకే అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మైకేల్ క్రెమర్‌లకి 2019లో నోబెల్ వచ్చింది. రువాండాలో ఒక పోషకాహార ప్రోగ్రాంని, అంతే ఖర్చుతో నేరుగా డబ్బు ఇవ్వడంతో పోల్చి చూశారు. ఏడాది తిరిగేసరికి ప్రోగ్రాం వల్ల పొదుపు పెరిగింది కానీ పిల్లల తిండిలో, ఎదుగుదలలో తేడా కనిపించలేదు. అంతే ఖర్చుతో ఇచ్చిన చిన్న మొత్తం నగదుతో అప్పులు తీర్చుకున్నారు, ఆస్తులు కొన్నారు, పిల్లల ఎదుగుదల మాత్రం అక్కడా కదల్లేదు. 500 డాలర్లు దాటిన పెద్ద మొత్తం ఇచ్చిన ఇళ్లలోనే తిండీ, పిల్లల ఎదుగుదలా రెండూ మెరుగుపడ్డాయి. అంటే అన్ని చోట్లా డబ్బే ఇవ్వాలని కాదు, బజార్లో సరుకే లేని చోట నోట్లు నమిలి తినలేరు కదా. కానీ మీరు చూస్తున్న ప్రోగ్రాంని ఈ ప్రశ్న అడగొచ్చు: ఈ డబ్బంతా వాళ్ల చేతికే ఇచ్చి ఉంటే ఇంతకంటే ఎక్కువ జరిగేదా?

ఇంకోటి, ఆలస్యం. దీన్ని ఏ నివేదికా నష్టం కింద రాయదు. కరువు అని ప్రకటించాలంటే ఐదింట ఒక ఇల్లు తిండికి పూర్తిగా అల్లాడాలి, పిల్లల్లో 30 శాతం తీవ్రంగా చిక్కిపోవాలి, రోజుకి 10,000 మందిలో ఇద్దరు చనిపోతుండాలి. ఆ గీత తాకేసరికే శవాలు లేస్తుంటాయి. సోమాలియాకి 2010 ఆగస్టు నుంచే హెచ్చరికలు వచ్చాయి, కరువు ప్రకటన 2011 జులైలో వచ్చింది, ఆ విపత్తులో దాదాపు 2 లక్షల 58 వేలమంది పోయారు, వాళ్లలో సగం మంది ఐదేళ్ల లోపు పిల్లలు. కాబట్టి ఒక కాగితం మీద మూడు తేదీలు రాసుకోండి. మొదటి హెచ్చరిక, డబ్బు మంజూరు, మొదటి పంపిణీ. మధ్యలో ఎన్ని రోజులో లెక్కేయండి.

మనుషుల్ని అడిగేటప్పుడు

సంస్థ జీపులో, సంస్థ అనువాదకుడితో వెళ్తే మీకు కృతజ్ఞతలు మాత్రమే వినిపిస్తాయి. వచ్చే నెల రేషన్ ఎవరి చేతిలో ఉందో వాళ్లకి తెలుసు. వీలైతే పంపిణీ అయిన వారం పది రోజుల తర్వాత, విడిగా వెళ్లండి, ఆడవాళ్లని విడిగా అడగండి. జాబితాలో పేరు లేనివాళ్లని తప్పకుండా కలవండి, అసలు కథ వాళ్ల దగ్గరే ఉంటుంది. "మీకు అందిందా" అని కాకుండా "పోయినసారి ఎన్ని డబ్బాలు పోశారు, ఎన్ని రోజులొచ్చింది, ఇంటికి తెచ్చుకోవడానికి మీకెంత ఖర్చైంది, జాబితాలో పేరు ఎక్కడానికి ఎవరినైనా కలవాల్సి వచ్చిందా" అని అడగండి.

రేషన్‌లో కొంత బజార్లో అమ్ముకున్నారని తెలిస్తే వెంటనే కుంభకోణం అనేయకండి. గింజలు పట్టించడానికి డబ్బు కావాలి, వంటచెరకు కావాలి, పిల్లకి మందు కావాలి. ఇంటామె మూడు కిలోలు అమ్మడం వేరు, ముద్ర చెరగని బస్తాలు వందల్లో ఒకే కొట్లో ఉండటం వేరు. పేర్లు రాసుకోకండి, ముఖాలు ఫొటో తీయకండి, మీరు వెళ్లిపోయాక అక్కడ ఉండాల్సింది వాళ్లు.

ఫిర్యాదుల నంబర్ ఉందంటారు, ఉంటే దానికి ఏడాదిలో ఎన్ని ఫిర్యాదులొచ్చాయో అడగండి. సున్నా అంటే అంతా బాగుందని కాదు, ఆ నంబర్ ఎవరికీ తెలియదని. మీరే ఒకసారి కొట్టి చూడండి, ఎవరైనా ఎత్తుతారేమో.

తప్పు దొరికాక

ఇక్కడ చాలామంది తొందరపడతారు. "లెక్క తేలలేదు" వేరు, "దొంగిలించారు" వేరు. కాగితం లేదంటే సరుకు పోయిందని కాదు. తనిఖీదారుల అంకెల్ని కూడా అలాగే మింగేయకండి. అఫ్ఘానిస్తాన్‌లో ఒక గ్యాస్ స్టేషన్‌కి 4 కోట్ల 30 లక్షల డాలర్లు పెట్టారని 2015లో సిగార్ అంటే ప్రపంచమంతా నవ్వింది. తీరా చూస్తే అందులో 3 కోట్లు ఓవర్‌హెడ్ కింద పంచి రాసినవి, నేరుగా ఆ పనికైంది 1 కోటి 23 లక్షలు. అదీ తక్కువేం కాదు, కానీ అంకె పెంచితే మొత్తం విషయమే కొట్టుకుపోతుంది.

రెండోది, ఆపేయమని అడగడం. ఇథియోపియాలో పక్కదారి బయటపడగానే 2023 మే నెలలో ఉత్తరాన ఉన్న టిగ్రే ప్రాంతంలో, జూన్‌లో దేశమంతా సాయం ఆపేశారు. సుమారు 2 కోట్ల మంది దాని మీద ఆధారపడి ఉన్నారు. అందరికీ మళ్లీ మొదలయ్యేసరికి సంవత్సరం చివరికొచ్చింది, ఈలోపు టిగ్రే నుంచి ఆకలి చావుల వార్తలు వస్తూనే ఉన్నాయి. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు అయింది. 2019లో యెమెన్‌లో ఇదే సమస్య వస్తే రాజధాని సనా ప్రాంతంలో పాక్షికంగా మాత్రమే ఆపారు, పిల్లలకీ గర్భిణులకీ పోషకాహారం ఆపలేదు, లబ్ధిదారుల నమోదు మీద ఒప్పందం కుదిరాక సుమారు రెండు నెలలకి మళ్లీ మొదలుపెట్టారు. మీ నివేదికలో ఏది ఆపాలి, ఏది నడుస్తూ ఉండాలి, ఏ కాగితం ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారాలి అని విడివిడిగా రాయండి. కాపలా తీసేసినా నష్టమే. 2025 ఫిబ్రవరిలో, యూఎస్ఎయిడ్‌ని మూసేసే గందరగోళం వల్ల 48 కోట్ల 90 లక్షల డాలర్ల ఆహారం రేవుల్లో, గోడౌన్లలో, దారిలో పాడయ్యే ప్రమాదంలో ఉందని యూఎస్ఎయిడ్ ఇన్‌స్పెక్టర్ జనరల్ నివేదిక ఇచ్చారు. మర్నాడే ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశారు.

ప్రచురించే ముందు సంస్థకి ప్రశ్నలు పంపండి, కనీసం రెండు వారాలు ఇవ్వండి. "అవినీతి జరిగిందా" అని అడిగితే "మేం ఏ రకమైన అవినీతినీ సహించం" అని మూడు పేరాల ఉత్తరం వస్తుంది. అలా కాకుండా "మార్చిలో 14 వేబిల్లుల్లో సరుకు దించుకున్నట్టు పెట్టిన సంతకం గోడౌన్ ఇన్‌చార్జిది కాదు, ఆ సంతకం ఎవరిది" అని అడగండి. ఇలాంటి ప్రశ్నకి ఒక్కోసారి నిజమైన జవాబు వస్తుంది, ఇన్‌చార్జి సెలవులో ఉన్నాడు, ఇదిగో సెలవు కాగితం అని, అప్పుడు మీరే ఆ పేరా కొట్టేయాలి. జవాబు రాకపోతే ఎవరిని అడిగారు, ఏ తేదీన అడిగారు, ఎన్నిసార్లు గుర్తుచేశారు అన్నది కూడా అక్కడే వేయండి.